‘ఉచితంగా’ ఇచ్చిన ఇల్లు

ఇల్లు మారేటప్పుడు ఎవరైనా వెంట ఏం తీసుకెళ్తారు? మంచాలు, గిన్నెలు, బట్టల మూటలు, పిల్లలు. స్కాట్లండ్ ఆగ్నేయ మూలన ఉన్న బెరిక్‌షైర్‌లో జేమ్స్ సోమర్విల్, మేరీ ఆర్క్నీ అనే కూలి దంపతులు వీటితో పాటు ఒక కిటికీని కూడా మోసుకెళ్ళేవాళ్ళు. ఒకే ఒక్క చిన్న గాజు పలక ఉన్న కిటికీ. వాళ్ళకు ఉండమని ఇచ్చిన ఇళ్ళకు కిటికీలు ఉండేవి కావు. అందుకని ఏ ఊళ్ళో పని దొరికితే ఆ ఊరికి దాన్ని తీసుకెళ్ళి, కొత్త గుడిసె గోడకు బిగించుకుని, అక్కడ పని అయిపోయాక మళ్ళీ ఊడదీసుకుని బయలుదేరేవాళ్ళు.

ఈ సంగతి రాసింది వాళ్ళ పదకొండు మంది పిల్లల్లో ఆఖరివాడు, అలెగ్జాండర్ సోమర్విల్. 1811లో పుట్టాడు. పశువులు కాశాడు, కూలి చేశాడు, సైన్యంలో చేరాడు, తర్వాత పత్రికా రచయిత అయ్యాడు. 1848లో ‘ఒక శ్రామికుడి ఆత్మకథ’ ప్రచురించాడు.

ఆ పుస్తకం నాకు కొత్తది కాదు. విక్టోరియన్ సాహిత్యం పాఠాలు చెప్పిన మనిషిని నేను. కార్మికవర్గ ఆత్మకథల గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా సోమర్విల్ పేరు చెప్పేదాన్ని. 1832లో పార్లమెంటు సంస్కరణల కోసం జనం కదిలినప్పుడు, వాళ్ళ మీదికి కత్తులు దూయడానికి సైనికులు సిద్ధంగా లేరని అతను పత్రికకు ఉత్తరం రాశాడు. పైకి వేరే నేరం చూపించి అతనికి కొరడా దెబ్బలు కొట్టారు, వంద. ఆ ఘట్టం క్లాసులో చెబుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు. ఈ మధ్య పాత నోట్సు తీసి చూసుకున్నాను. కొరడా దెబ్బల గురించి రెండు పేజీలున్నాయి. కిటికీ గురించి ఒక వాక్యం ఉంది, పేదరికానికి ఉదాహరణగా. మేరీ ఆర్క్నీ గురించి ఏమీ లేదు. ఆమె పేరు కూడా లేదు. స్త్రీవాద దృక్పథంతోనే పాఠం చెబుతున్నానని గట్టిగా నమ్మిన రోజుల నోట్సు అది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచిస్తే ఒకటి తోస్తోంది. విక్టోరియన్ ఇల్లు అనగానే మనకు కనబడేది డ్రాయింగ్ రూమ్. పియానో, కుట్టుపని, గవర్నెస్, మేడమీద తాళం వేసిన గది. కోవెంట్రీ ప్యాట్‌మోర్ 1854లో మొదలుపెట్టిన దీర్ఘకవిత పేరుతో స్థిరపడిపోయిన ‘ఇంటి దేవత’. ఆ దేవతను చంపితే తప్ప తాను రాయలేకపోయానని వర్జీనియా ఊల్ఫ్ 1931లో ఒక ప్రసంగంలో చెప్పింది. మనమూ ఆ మాటను మన మాటగా చేసుకున్నాం. బయటి ప్రపంచం మగవాడిది, ఇల్లు ఆడదానిది అన్న విభజన ఎలా రూపుకట్టిందో లియొనోర్ డేవిడాఫ్, కేథరిన్ హాల్ 1987లో ‘ఫ్యామిలీ ఫార్చూన్స్’లో ఎంతో వివరంగా రాశారు. కానీ వాళ్ళు రాసింది ఇంగ్లండు మధ్యతరగతి గురించి. దాన్ని మనం కాలం మొత్తానికీ, దేశం మొత్తానికీ పరిచేశాం. తనదంటూ ఒక గది గురించి ఇంత మాట్లాడుకున్న మనం, ఇల్లంతా కలిపి ఒకే గది అయిన వాళ్ళ దగ్గర ఆగి చూడలేదు.

సోమర్విల్ పుట్టిన ఇల్లు తూర్పు లోథియన్‌లో ఓల్డ్‌హామ్‌స్టాక్స్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ అనే వ్యవసాయ క్షేత్రంలో ఉంది. దాన్ని అతను కొలతలతో సహా వర్ణించాడు. వరసగా కట్టిన పెంకుటి కొట్టాలలో ఒకటి అది. లోపల సుమారు పన్నెండు అడుగులు, పద్నాలుగు అడుగులు. మగవాడు వంగకుండా లోపలికి పోలేనంత తక్కువ ఎత్తు గోడలు. పెంకుల కింద ఇంకే కప్పూ లేదు. నేల మట్టి నేల. గూడు గానీ అలమర గానీ లేవు. పొయ్యికి ఇనప కమ్మీలు కూడా కాపురం వచ్చినవాళ్ళే తెచ్చుకుని కట్టుకోవాలి, పోయేటప్పుడు పీక్కుపోవాలి. అడ్డగోడలు లేవు. మంచాలు అడ్డం పెట్టుకుంటే అదే గోడ. ఇంత వర్ణించి, ఈ ఇంట్లో ఉండనివ్వడం కోసమే మా అమ్మ కోతకాలమంతా కోత కోసింది, నూర్పిడి రోజుల్లో కుప్పల నుంచి పనలు మోసింది అని రాశాడు. తాను ఈ మాటలు రాస్తున్న నాటికి కూడా ఆ ఇల్లు కూలివాళ్ళ ఇల్లుగానే ఉందని చెప్పాడు. అంటే విక్టోరియా గద్దెనెక్కి పదకొండేళ్ళు గడిచాక.

పనలు మోసింది. పదకొండు కాన్పుల మనిషి. ఎన్ని కోతలకు కడుపుతో వెళ్ళి ఉంటుందో, ఎన్ని కోతలకు చంటిబిడ్డను గట్టున పడుకోబెట్టి ఉంటుందో ఆ లెక్క మనమే వేసుకోవాలి.

ఇక్కడ ఆ ప్రాంతపు వ్యవసాయ ఒప్పందం గురించి కొంచెం చెప్పాలి. ఆగ్నేయ స్కాట్లండ్‌లో, సరిహద్దుకు ఆవల ఇంగ్లండు వైపు నార్తంబర్‌లాండ్‌లో కూడా, గుర్రాలతో దున్నే పెళ్ళయిన పాలేరును ‘హైండ్’ అనేవాళ్ళు. ఏడాదికి కుదుర్చుకునేవాళ్ళు. జీతంలో నగదు తక్కువ. ఓట్స్ పిండి, బార్లీ, బఠాణీలు కొలిచి ఇస్తారు. ఒక ఆవుకు మేత ఇస్తారు. బంగాళాదుంపలు వేసుకోవడానికి కొంత నేల ఇస్తారు. గని దగ్గర నుంచి బొగ్గు బండి మీద తోలిస్తారు. ఇవన్నీ కాక ఉండటానికి ఒక ఇల్లు. ఆ కాలంలో వ్యవసాయం గురించి రాసిన పెద్దమనుషులు హైండ్ పద్ధతిని తెగ మెచ్చుకున్నారు. ధాన్యం ధర పెరిగినా కూలి కుటుంబం తిండికి లోటుండదని, పైగా ఇల్లు ఉచితమని.

ఉచితం అన్నమాట దగ్గర నేను ఆగిపోయాను. ఏడాదికి కుదిరేది మగవాడు. ఒప్పందం అతని పేరు మీద. ఇల్లు అతని జీతంలో భాగం. కానీ ఆ ఇంటికి బదులుగా కోతకాలంలో ఒక ఆడమనిషి కూలి లేకుండా కోత కోయాలి. ఆడమనిషి అంటే సాధారణంగా భార్యే. అది ఒప్పందంలో షరతు. భర్త జీతంలో కనబడే ఇల్లు భార్య కొడవలితో వచ్చింది. పాలేరు జీతం గురించి రాసిన ప్రతిచోటా ఇల్లు అతని సంపాదన పక్కన నిలబడింది. కొడవలి మాత్రం లెక్కలో లేకుండా పోయింది.

ఈ షరతుతో ఆగిపోయినా ఒక తీరు. కోతల్లో కొన్నాళ్ళతో సరిపోలేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి ఆ ప్రాంతంలో సేద్యం మారింది. పశువుల మేత కోసం టర్నిప్ దుంప వచ్చింది. దానికి పని ఏడాది పొడుగునా ఉంటుంది. మొలక వచ్చాక మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం ఉండేట్టు పారలతో పలచన చేయాలి. కలుపు తీయాలి. చలికాలంలో గడ్డకట్టిన నేలలోంచి దుంపలు లాగి, కత్తితో ఆకులూ వేళ్ళూ కోసి కుప్ప వేయాలి. గుర్రాలతో చేసే పని మగవాళ్ళది. నడుం వంచి చేసేదంతా ఆడవాళ్ళకు వచ్చింది. అందుకని రైతులు హైండ్ ఒప్పందానికి ఇంకో షరతు తగిలించారు. నువ్వు పనికి కుదరాలంటే నీతో పాటు ఒక ఆడకూలిని కూడా ఏడాదంతా తయారుగా ఉంచాలి, నేను పిలిచిన రోజున ఆమె పొలానికి రావాలి. ఆ పిల్లను ‘బాండేజర్’ అన్నారు. ఆ పద్ధతి పేరే ‘బాండేజ్’.

ఈ మాటను తెలుగులో ఏమనాలో నేను చాలా తంటాలు పడ్డాను. వెట్టి అందామంటే ఆమెకు కూలి ఉంది. బానిస అంటే అబద్ధం అవుతుంది, గడువు తీరాక ఆమె వేరే చోటికి పోవచ్చు. పాలేరు పిల్ల అంటే అసలు విషయం పోతుంది. ఎందుకంటే ఆమెను కుదుర్చుకున్నది రైతు కాదు, ఆ పాలేరు. బయానా డబ్బు చేతిలో పెట్టేదీ అతనే. ఆరు నెలల జీతం ఇచ్చేదీ అతనే. తిండి, పడక అతని ఇంట్లోనే. ఆమె పొలంలో పనిచేసిన రోజులకు రైతు హైండ్‌కు రోజుకూలి లెక్కన కట్టేవాడు. వాన పడి పని లేని రోజున రైతు ఏమీ ఇవ్వడు. హైండ్ మాత్రం ఆమెకు తిండి పెట్టాలి, జీతం ఇవ్వాలి. అంటే ఒక కూలివాడు ఇంకో కూలిమనిషికి యజమాని అయ్యాడు. నష్టం అతనిది, లాభం రైతుది. అందుకని బాండేజర్ అనే మాటను అలాగే వాడుతున్నాను.

వసంతంలో డన్స్, కెల్సో లాంటి ఊళ్ళలో కూలి సంతలు జరిగేవి. రైతులు హైండ్‌లను కుదుర్చుకునేవాళ్ళు. హైండ్‌లు బాండేజర్లను వెతుక్కునేవాళ్ళు. మే నెలాఖరున ఇళ్ళు మారడం. ఆ ప్రాంతంలో దాన్ని ‘ఫ్లిట్టింగ్’ అంటారు. ఒకే వారంలో చుట్టుపక్కల కూలి కుటుంబాలన్నీ బండ్ల మీద సామాను వేసుకుని దారిన పడేవి. బండి మీద ముందుగా ఎక్కేవి పెట్టె మంచాలు. చుట్టూ చెక్కలు, ముందు జారుడు తలుపులో తెరో ఉండే మంచాలవి. వీటిని ఇంటి మధ్యలో వరసగా నిలబెడితే ఒక గది రెండవుతుంది. పెద్దమంచంలో భార్యాభర్తలు, చంటిపిల్లలు. ఇంకోదానిలో మిగతా పిల్లలు. బాండేజర్ ఆ ఇంటి ఆడపిల్లలతో పడుకోవాలి, లేదా మంచాల వెనక మిగిలిన చోటులో. చీర మార్చుకోవడానికి చాటు లేని ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఏడాదికొకసారి మారే అపరిచితుల ఇంట్లో పదహారేళ్ళ పిల్ల ఆ చాటు కోసం ఎలా వెతుక్కుందో ఊహించడానికి మనకు పెద్ద కష్టం అక్కర్లేదు.

ట్వీడ్ నదికి ఇంగ్లండు వైపు ఒడ్డున నార్హమ్ అనే ఊరి మతాచార్యుడు విలియం స్టీఫెన్ గిల్లీ 1841లో ఈ ఇళ్ళ గురించి ఒక పుస్తకం వేశాడు. ఈ కొంపల్లో మనుషులు ఎలా ఉంటారని భూస్వాములను నిలదీశాడు. కొత్తగా వచ్చిన కాపురం కిటికీ దగ్గర నుంచి పొయ్యి కమ్మీల దాకా అన్నీ తెచ్చుకుని బిగించుకోవాల్సి రావడం గురించి అతనూ రాశాడు. మంచి పుస్తకమే. కానీ అతన్ని ఎక్కువ బాధపెట్టింది ఆడా మగా ఒకే గదిలో పడుకోవడం. ఆ గదిలో తెల్లవారుజామున ఎవరు ముందు లేచేవాళ్ళన్నది అతని ప్రశ్న కాదు.

ఆ ప్రశ్న మనం వేద్దాం. హైండ్ భార్య ముందు లేస్తుంది. పొయ్యి రాజేస్తుంది. బావి నుంచి నీళ్ళు తెస్తుంది. ఓట్స్ జావ కాస్తుంది. ఆవు పాలు పితుకుతుంది. ఆవు జీతంలో భాగం అన్నాను గదా, మేత రైతు ఇచ్చినా ఆవు మాత్రం కుటుంబం కొనుక్కున్నదే. దాన్ని సాకడం, పాలు తీయడం, వెన్న చిలకడం, మిగిలింది అమ్మడం అన్నీ ఆమె పనే. పంది ఉంటుంది. దుంపల మడి ఉంటుంది. బార్లీ, బఠాణీ పిండి కలిపి పెనం మీద మందపాటి రొట్టెలు కాల్చాలి. పిండి రూపంలో ఇచ్చిన జీతం అన్నం కావాలంటే మధ్యలో ఒక మనిషి చెయ్యి ఉండాలి. ధాన్యంగా ఇచ్చే జీతం కుటుంబాన్ని కాపాడుతుందని మెచ్చుకున్నవాళ్ళు ఆ చేతిని గమనించలేదు. కాన్పు వస్తే పక్కింటి పెద్దావిడో, ఊళ్ళో మంత్రసానో వచ్చేది. అక్కడి మాటలో మంత్రసానిని ‘హౌడీ’ అంటారు.

ఇప్పుడు ఆ ఇంట్లో భార్యకూ బాండేజర్‌కూ మధ్య ఉన్న సంబంధం గురించి. నన్ను ఈ వ్యాసం రాయించింది నిజానికి ఇదే. బాండేజర్ రోజంతా పొలంలో ఉంటుంది, వేసవిలో పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. తిరిగి వచ్చేసరికి ఆకలితో, మోకాళ్ళ దాకా బురదతో ఉంటుంది. ఆమెకు వండి పెట్టేది, తడిబట్టలు పొయ్యి పక్కన ఆరబెట్టేది హైండ్ భార్య. ఈ పిల్ల తమకు భారం అని ఆ భార్యకు తెలుసు. ఆమె తినే ప్రతి రొట్టే తన పిల్లల వాటాలోంచి పోతోంది. ఈ పిల్ల లేకపోతే ఇల్లు లేదని కూడా ఆమెకు తెలుసు. ఈ పిల్ల లేకపోతే ఆ కొడవలి, ఆ పార తన చేతికే వస్తాయని ఇంకా బాగా తెలుసు. ఒకప్పుడు తనూ ఎవరో ఒకరి ఇంట్లో బాండేజర్‌గా ఉండే ఉంటుంది. బాండేజర్లు ఎక్కువ మంది కూలి ఇళ్ళ ఆడపిల్లలే గనక.

యజమాని మగవాడు, కూలి ఆడది అన్నంత సులువుగా ఈ ఇల్లు అర్థం కాదు. ఒక ఆడమనిషి శ్రమ మీద ఇంకో ఆడమనిషి ఇల్లు నిలబడింది. కాకపోతే వాళ్ళిద్దరిలో ఎవరి పేరూ ఒప్పందంలో లేదు. చీకటి పడ్డాక ఆ బాండేజర్‌తో పాలగిన్నెలు కడిగించుకుందేమో, పిల్లాణ్ణి ఎత్తుకోమందేమో, లేక నువ్వు కూర్చోమ్మా అని చెప్పి జావ గిన్నె చేతికిచ్చిందేమో. ఇంటికో తీరు ఉండి ఉంటుంది. అక్కచెల్లెళ్ళుగా ఉన్నారని రాయాలని నాకు ఉంటుంది. కానీ ఇద్దరు పేద ఆడవాళ్ళ మధ్య ఒకే రొట్టె పెట్టి, పంచుకోండి అని చెప్పినవాడు అక్కడ లేడు. అతను దూరంగా పెద్దింట్లో ఉన్నాడు. తగువు మాత్రం పొయ్యి దగ్గర జరిగింది.

తిండి సంగతి వచ్చింది గనక ఇంకొక్క మాట. 1863లో డాక్టర్ ఎడ్వర్డ్ స్మిత్ ప్రభుత్వం తరఫున బ్రిటన్‌లోని శ్రామిక కుటుంబాలు ఏం తింటున్నాయో పరిశీలించాడు. బాగా పేద కుటుంబాల్లో అందరికంటే తక్కువ తినేది భార్యే అని రాశాడు. సంపాదించేవాడి ఒంట్లో సత్తువ ఉండాలి గదా అని మంచి తిండి అతనికి పెట్టి, మిగిలింది పిల్లలకు పెట్టి, ఆపైన మిగిలింది తను తినేది. పుట్టిల్లు, అత్తిల్లు చూసిన మనలో ఎవరికీ దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

రాబర్ట్ బర్న్స్ 1786లో అచ్చువేసిన ‘ది కాటర్స్ సాటర్‌డే నైట్’ కవిత విక్టోరియన్ కాలంలో స్కాట్లండ్ కూలి ఇంటికి అధికారిక చిత్రపటం లాంటిదయింది. శనివారం సాయంత్రం తండ్రి ఇంటికి వస్తాడు, పిల్లలు ఎదురు పరిగెత్తుతారు, తల్లి పాత బట్టలకు మాసికలు వేస్తుంటుంది, భోజనమయ్యాక తండ్రి బైబిల్ చదువుతాడు. ఆ కవితలో పెద్దకూతురు జెన్నీ కూడా ఇంటికి వస్తుంది. కొత్త గౌను చూపించడానికో, కష్టపడి సంపాదించిన జీతం అమ్మానాన్నల చేతిలో పెట్టడానికో. ఆ చిత్రంలో తండ్రిని, బైబిల్‌ను చూడటం మనకు అలవాటు. జెన్నీని పెళ్ళికెదిగిన పిల్లగా చూడటమూ అలవాటే. ఆమె ఎవరో ఒకరి పొలంలోనో ఇంట్లోనో వారమంతా పనిచేసి వచ్చిన కూలిమనిషి అన్నది ఆ పటంలో ఒక మూలన పడిపోయింది.

నిజానికి ఆగ్నేయ స్కాట్లండ్‌లో కూతుళ్ళున్న హైండ్‌కు గిరాకీ ఎక్కువ. సొంత కూతురే బాండేజర్ అయితే బయటి పిల్లకు జీతం ఇవ్వక్కర్లేదు, ఆమె రోజుకూలి ఇంట్లోనే ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు పనికి ఎదిగిన కుటుంబం సంతలో రైతుతో కాస్త గట్టిగా బేరం ఆడగలిగేది. ఆడపిల్ల పుడితే భారం అనుకోని చోటు ఇది అని మొదట సంతోషించాను. తర్వాత ఆ సంతోషం పలచబడింది. కూతురు విలువ తండ్రి ఒప్పందానికి బలం ఇచ్చింది. కూతురు చేతికి ఏమిచ్చిందన్నది వేరే విషయం.

బాండేజ్ పద్ధతి మీద 1860ల మధ్యలో తిరుగుబాటు వచ్చింది. సరిహద్దు ప్రాంతపు హైండ్‌లు సభలు పెట్టుకున్నారు. బాండేజర్‌ను తెమ్మంటే పనికి కుదరమని సంతల్లో నిరాకరించారు. మతాచార్యులు, పత్రికలు కొంతమంది మద్దతిచ్చారు. పద్ధతి నెమ్మదిగా సడలిపోయింది. శ్రామిక పోరాటాల చరిత్రలో ఇది ఒక విజయం. నేనూ అలాగే చూస్తాను. కానీ వాళ్ళు వినిపించిన వాదనలు చదివితే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. మా ఇంట్లోకి పరాయి ఆడదాన్ని తెచ్చిపెట్టారు, మా పిల్లలు చెడిపోతారు, మాకు నష్టం వస్తోంది. వీటిలో న్యాయం ఉంది. ఒకే గదిలో పరాయి మనిషితో కాపురం చేయాల్సి రావడం ఎవరికైనా అవమానమే. కానీ ఈ వాదనలో ఇల్లు మగవాడిది. పరాయిది అయిన ఆడది ఆ ఇంటికి వచ్చిన కష్టం. ఆ పిల్ల కష్టం ఏమిటన్నది ఆ వాదనలో ఇమడలేదు. హైండ్‌కు బాండేజర్‌ను తెచ్చే బాధ్యత తప్పింది. టర్నిప్ చేలల్లో నడుం వంచడం మాత్రం ఆడవాళ్ళకు తప్పలేదు. తర్వాత వాళ్ళను రైతులే నేరుగా కుదుర్చుకున్నారు. బాండేజర్ అన్న పేరు కూడా పోలేదు, ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చింది. వెడల్పు అంచున్న నల్ల గడ్డిటోపీ, దాని కింద తలకూ చెంపలకూ చుట్టిన గుడ్డ, ముతక చారల పరికిణీ, బరువైన బూట్లు. ఈ వేషంలో ఆడవాళ్ళ ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. వరసగా నిలబడి, పారలు భుజాన వేసుకుని సూటిగా మనవైపే చూస్తుంటారు.

ఇంతమంది ఆడవాళ్ళు పొలాల్లో ఉంటే జనాభా లెక్కలు ఏమన్నాయి? 1871లో స్కాట్లండ్ వ్యవసాయ శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతు ఆడవాళ్ళు. ఇంగ్లండులో అప్పటికి అది చాలా తక్కువ. ఇదీ లెక్కకు దొరికినవాళ్ళ సంగతే. హైండ్ భార్య దగ్గరికి వచ్చేసరికి వృత్తి గడిలో తరచూ ‘పాలేరు భార్య’ అని రాశారు. ఆమె చేసే పని అతనికి భార్య కావడమే. 1881 వచ్చేసరికి ఇంటిపని చేసేవాళ్ళను మొత్తంగా ‘వృత్తి లేనివారు’ అనే తరగతిలోకి నెట్టేశారు. కోతలప్పుడు కొడవలి పట్టినా, కుప్ప నుంచి పనలు మోసినా, లెక్క తీసుకునే వసంత కాలపు రాత్రి ఆమె ఇంట్లో ఉంటుంది గదా.

ఆ జనాభా లెక్కలే ఇంకో విషయం చెప్పాయి. 1861లో స్కాట్లండ్‌లో మొదటిసారి ప్రతి కుటుంబాన్నీ ఒక ప్రశ్న అడిగారు, మీ ఇంట్లో కిటికీ ఉన్న గదులెన్ని అని. జవాబులు చూసి దేశం సిగ్గుపడింది. జనాభాలో నాలుగో వంతు పైగా ఒకే గది ఇళ్ళలో, మొత్తం మీద దాదాపు మూడింట రెండు వంతుల మంది ఒకటి రెండు గదుల ఇళ్ళలో ఉన్నారని తేలింది. ఒక్క కిటికీ కూడా లేని ఇళ్ళలో వేల కుటుంబాలున్నాయి. ఇళ్ళ సంస్కరణ గురించి అప్పటి నుంచి గట్టిగా మాట్లాడటం మొదలైంది. ప్రభుత్వం కిటికీలు లెక్కపెట్టడం మంచిదే. మేరీ ఆర్క్నీ, ఆమె భర్త మోసుకు తిరిగిన గాజు పలక అలాంటి లెక్కలో పడితే, అది ఆ భూస్వామి ఇంటికున్న కిటికీ అయి ఉండేది.

ఇంత చెరిపివేతలోనూ స్కాట్లండ్‌లో ఒకటి మిగిలింది. అక్కడ ఆచారం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి పుట్టింటి పేరు పోదు. చర్చి పుస్తకాల్లో, సమాధి రాళ్ళ మీద ఫలానావాడి భార్య అని రాసినా ముందు ఆమె సొంత ఇంటిపేరుతోనే రాస్తారు. 1855లో జననమరణాల నమోదు చట్టబద్ధంగా మొదలయ్యాక పుట్టినవాళ్ళకే కాదు, చనిపోయినవాళ్ళకు కూడా తల్లి పుట్టింటి పేరు రాయాలన్నారు. అందుకే అలెగ్జాండర్ సోమర్విల్ తల్లి మనకు శ్రీమతి సోమర్విల్‌గా కాక మేరీ ఆర్క్నీగా తెలుసు. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయే మనబోటి వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. పుట్టింటి పేరు కూడా తండ్రిదే గదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. అయినా చరిత్రలో ఒక కూలిమనిషిని వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు ఆమె పేరు ఆమె దగ్గరే ఉండటం పెద్ద ఆసరా.

బాండేజర్లను తిరిగి మన ముందుకు తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. స్కాట్లండ్ స్త్రీల పనిచరిత్ర మీద ఎలినార్ గోర్డన్, ఎస్తర్ బ్రైటెన్‌బాక్ 1990లో తెచ్చిన సంకలనంలో బార్బరా రాబర్ట్‌సన్ వీళ్ళ మీద వ్యాసం రాసింది. 1991లో సూ గ్లోవర్ ‘బాండేజర్స్’ నాటకం ఎడింబరోలో ట్రావర్స్ థియేటర్‌లో ఆడారు. రంగస్థలం మీద అందరూ ఆడవాళ్ళే. రైతు, పాలేర్లు కథలో ఉంటారు గానీ కనబడరు. ఒప్పందాల్లో ఆడవాళ్ళు కనబడకుండా పోయిన తీరును ఆమె నాటకంలో మగవాళ్ళకు తిప్పి పెట్టింది. తర్వాత ఇయన్ మెక్‌డూగల్ అనే మౌఖిక చరిత్రకారుడు, ఇరవయ్యో శతాబ్దంలో ఆ పొలాల్లో పనిచేసిన ఎనిమిది మంది ఆడవాళ్ళ జ్ఞాపకాలను వాళ్ళ మాటల్లోనే పుస్తకంగా తెచ్చాడు.

నేను ఎప్పుడైనా మళ్ళీ క్లాసులో నిలబడితే సోమర్విల్ పాఠం కొరడా దెబ్బలతో మొదలుపెట్టను. అతని ధైర్యం తక్కువదని కాదు. అతను బతికి, ఎదిగి, ఉత్తరం రాయగలిగిన మనిషి కావడానికి తలమీద ఆ పెంకులు ఉండటం ఎవరి వల్లనో అతనే రాశాడు. అతను మరిచిపోలేదు. చదివిన నేను దాటేశాను. ‘జీతంలో భాగంగా ఉచిత నివాసం’ అన్న మాట ఆ కాలపు ఏ నివేదికలో కనబడినా, ఆ సంవత్సరం కోతకు ఎవరు వెళ్ళారు అని పక్కన పెన్సిలుతో రాసుకోవడం ఇప్పుడు నాకు అలవాటైంది. చాలాసార్లు జవాబు దొరకదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ ఒక్క ఇంటికి మాత్రం దొరికింది. అక్కడ మేరీ ఆర్క్నీ అని రాశాను.